కుడికి రెండు హారన్లు

చిత్తూరు బస్టాండులో ఆ రోజుల్లో మునిరామయ్యను మంచివాడు అన్నవాడు ఒక్కడంటే ఒక్కడు లేడు. టీ కొట్టు దగ్గరా, సోడా బండి దగ్గరా, టిక్కెట్ల గది అరుగు మీదా, ఎక్కడ నలుగురు చేరినా అతని మాటే. "పని నేర్పిన గురువును ఎనక్కి నెట్టి ముందు పోతా ఉండాడు సూడప్పా, కండ్లు నెత్తికెక్కినాయి" అనేవాళ్ళు. మునిరామయ్య విననట్టు పోయేవాడు. విననట్టు పోవడం ఎంత కష్టమో పడినవాడికే తెలుస్తుంది.

సంగతేమిటంటే, అతను పనిచేసే వరదయ్య శెట్టికి రెండు బస్సులుండేవి. యుద్ధం ముగిసి ఏడాది అవుతున్నా పెట్రోలుకు ఇంకా కటకటే కాబట్టి రెండూ బొగ్గు బస్సులే. బండి వెనక నిలువెత్తు డ్రమ్ము. అందులో బొగ్గులు నింపి నిప్పు వేసి, పిడి పట్టుకుని అరగంట తిప్పితేగాని గ్యాసు పుట్టదు, బండి ఉలకదు. మిట్ట వస్తే జనం దిగి తోయాలి. టిక్కెట్టు కొన్నది కూర్చోవడానికా తోయడానికా అని అడిగినవాడు మొదట్లో ఉండేవాడు గాని, తర్వాత అందరికీ అలవాటైపోయింది. ఏది ఎక్కడ మొరాయిస్తుందో తెలియదు గనక రెండు బండ్లూ జతగా పోవాలని శెట్టి చెప్పాడు. పొద్దున చిత్తూరు నుంచి తిరుపతికి, సాయంత్రం తిరిగి చిత్తూరుకు.

జతగా పోయేటప్పుడు ముందు బండి మొదటి డ్రైవరుది. అది ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు, ఆ దారిలో బస్సులు పుట్టినప్పటి నుంచి ఉన్న మర్యాద. ముందు పోయేవాడికి దుమ్ము ఉండదు. పూతలపట్టులో, పాకాల దగ్గర, చంద్రగిరిలో దండాలన్నీ అతనికే. వెనక పోయేవాడు పొద్దుగూకేదాకా ముందువాడి దుమ్ము మింగాల్సిందే. మొదటి డ్రైవరు సుబ్బన్న. చిత్తూరుకు మొట్టమొదటి బస్సు తోలుకొచ్చిన చేతులవి, అరవైకి దగ్గర పడ్డాడు. మునిరామయ్య రెండోవాడు. అయినా రెండేళ్ళుగా మునిరామయ్య బండే ముందు పోతోంది. ఊరుకుంటారా మరి జనం?

నిజం ఇద్దరికే తెలుసు. సుబ్బన్న రెండు కళ్ళకూ పొర కమ్మింది. ఎదురుగా పెద్ద ఆకారం ఉంటే మసకమసకగా తెలుస్తుంది, అంతే. పొద్దున ఎండ ఎదురు కొడితే అది కూడా ఉండదు. అందుకని మునిరామయ్య తన బండి డ్రమ్ముకు పాత తెల్లపంచె చుట్టి కట్టాడు. ఆ తెలుపు వెంబడి సుబ్బన్న వస్తాడు. హారనుకు లెక్క పెట్టుకున్నారు. మలుపు ఎడమకైతే ఒకటి, కుడికైతే రెండు, ఎద్దులబండో గొర్రెలమందో అడ్డం వస్తే విడవకుండా పొడుగ్గా. రబ్బరు బుడ్డి పిసికి పిసికి మునిరామయ్య కుడి అరచెయ్యి కాయలు కాసింది. వాడికి హారను పిచ్చి పట్టిందని అందుకూ నవ్వేవాళ్ళు.

ఇదంతా ఎందుకు నెత్తిన వేసుకున్నట్టు? దానికీ ఒక కథ ఉంది. మునిరామయ్య ఇరువారం దగ్గర ఒక ఎద్దులబండివాడి కొడుకు. పద్దెనిమిదో ఏట సుబ్బన్న బండికి క్లీనరుగా చేరాడు. ఒకనాడు సుబ్బన్న అన్నానికి పోయిన సమయంలో, నాకూ వచ్చులే అని స్టీరింగు పట్టి బస్సును తీసుకెళ్ళి చెరుకు తోట కాలవలో దించాడు. ముందు ఇరుసు విరిగింది. శెట్టి వచ్చి కళ్ళెర్రజేస్తే సుబ్బన్న అడ్డం నిలబడి, "నేనే తోలినాను సామీ, కునుకు పట్టింది" అన్నాడు. మూడు నెలలు పనిలేకుండా ఇంట్లో కూర్చున్నాడు. తిరిగొచ్చాక మునిరామయ్యను ఒక్క మాట అనలేదు సరికదా, స్టీరింగు దగ్గర కూర్చోబెట్టి, "ఇప్పుడు సరింగా నేర్సుకో" అన్నాడు. అలాంటి మనిషి రెండేళ్ళ కిందట చేయి పట్టుకుని, "నాకు కనపడ్లేదురా మునిరామా. ఎవురికీ చెప్పొద్దు. స్టీరింగు లేకపోతే నేనెవుర్రా?" అంటే ఏమనగలడు? సుబ్బన్న కొడుకు బర్మా యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. కోడలూ, ఇద్దరు మనవళ్ళూ ఆ ముసలాయన మీదే. మునిరామయ్య సరేనన్నాడు.

ఇలా ఉండగా తిరుపతిలో జయరామ్ నాయుడు అనే ఆయన కొత్త బస్సు కంపెనీ పెట్టాడు. మిలిటరీ వాళ్ళు అమ్మేసిన బండ్లు కొని, పెట్రోలుకు ఎక్కడెక్కడో తిరిగి అనుమతి తెచ్చుకుని, తిరుపతి నుంచి మద్రాసుకు సర్వీసు వేశాడు. అనుభవమున్న డ్రైవరు కావాలని మునిరామయ్యకు కబురు పంపాడు. ఒక మధ్యాహ్నం పోయి చూశాడు. మీట నొక్కితే బండి లేచింది. నిప్పు లేదు, పొగ లేదు, పిడి తిప్పే పని లేదు. సీటులో కూర్చుని చూస్తే దూదిలా మెత్తగా ఉంది. జీతం ఇక్కడికి ఒకటిన్నర రెట్లు.

"ఒకటుండాది మునిరామయ్యా, ముందే చెప్తా ఉండా" అన్నాడు నాయుడు. "నువ్వు ఆడ పదిహేడేండ్లు చేసినా ఈడ కొత్తోడివే. నా కాడ నలుగురుండారు, నీకన్నా చిన్నోళ్ళు. వాళ్ళెనకాల అయిదోవాడివి. ఎవురన్నా రాకపోతే బండి నీకు. ఏడాది ఓర్సుకుంటే నీకొక బండి ఇస్తా. శనివారంలోగా చెప్పు."

మునిరామయ్యకు నలభై దగ్గర పడుతోంది. మీసాలు సరిగా రాని పిల్లల వెనక అయిదోవాడుగా నిలబడాలి. ఇక్కడుంటే ఇవాళ కాకపోతే రేపు తనే మొదటి డ్రైవరు. కాని ఇక్కడ ఉండటమంటే ఏమిటో అతని ఛాతీకి తెలుసు. బొగ్గు గ్యాసు పీల్చీ పీల్చీ పొద్దున లేస్తే నల్లటి కఫం. రెండుసార్లు పాకాల మిట్ట మీద కళ్ళు తిరిగి బండి ఆపి, టైరు చూసే నెపంతో దిగి కూర్చున్నాడు. వెనక ఒక గుడ్డివాడు, ముందు కళ్ళు తిరిగేవాడు, మధ్యలో ఎనభై మంది జనం. తలుచుకుంటే ఒళ్ళు జలదరించేది.

ఇంటికొచ్చి భార్య నాగులమ్మకు చెప్పాడు. ఆమె సంగటి ముద్ద కంచంలో పెట్టి, ఊరుబిండి పచ్చడి పక్కన వేసింది.

"పోదాం" అంది. "అయిదోవోడివో పదోవోడివో, ఊపిరుంటే సాలు. నీ దగ్గు ఇనుకుంటా పండుకునేది నేను గదా."

"సుబ్బన్న మామ సంగతో?"

"ఆయప్పకు నువ్వు సేసింది శానా అయింది. నేనడగతా, ఆయప్ప బండ్లో కూసుండేది మనుసులు కాదా? నువ్వుండేది మేలని నువ్వనుకుంటా ఉండావు. నువ్వుండబట్టే ఆయప్ప ఇంకా ఆ సీట్లో ఉండాడు."

ఆ మాట మునిరామయ్యకు గుండెలో గుచ్చుకుంది. ఆమె చెప్పింది అబద్ధమైతే కోప్పడేవాడు. అబద్ధం కాదు కాబట్టి చెయ్యి కడుక్కుని లేచాడు.

మర్నాడు తిరుపతిలో బండ్లు నిలిపాక సుబ్బన్నతో చెప్పాడు. సుబ్బన్న చెంబులో నీళ్ళు తీసుకుని గ్లాసులో వంపబోయాడు. సగం నీళ్ళు గ్లాసు పక్కన పడ్డాయి. "పోరా" అన్నాడు. "నా కోసరం నువ్వెందుకు ఆగిపోవాల? దావంతా నాకు నోటికొచ్చు. ఏ గుంత యాడుండాదో నా ఎముకలకు తెలుసు." కాసేపటికి గొంతు తగ్గించి, "ఒకటి మాత్రం. శెట్టికి నా సంగతి చెప్పొద్దు. నా అంతట నేనే మానుకుంటా, దసరా పోనీ" అన్నాడు. మునిరామయ్య అలాగేనని మాట ఇచ్చాడు. ఇచ్చేటప్పుడే తప్పనిపించింది. అయినా ఇచ్చాడు.

ఇక మిగిలింది శెట్టి. ఇక్కడ వరదయ్య శెట్టి పద్ధతి ఒకటి చెప్పాలి. ఆయనకు కాగితాల మీద నమ్మకం లేదు. డ్రైవరును పెట్టుకునేటప్పుడు జట్కా కట్టించి కాణిపాకం తీసుకుపోయేవాడు. స్నానం చేయించి, వినాయకుడి ముందు కర్పూరం వెలిగించి, "నీ సొమ్ము ముట్టను, నువ్వు విడిచిపెట్టేదాకా ఇంకొకరి బండి ఎక్కను" అని ప్రమాణం చేయించి, వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పించేవాడు. పొలం తగాదాలైనా, దొంగతనాలైనా కోర్టులో నిలబడి కల్లలాడేవాడు కూడా కాణిపాకంలో నోరు మెదపడు. ఆ జిల్లాలో అది అంతే. మునిరామయ్య కూడా అక్కడ కర్పూరం ఆర్పినవాడే. కాబట్టి విడిపించుకోవాలంటే శెట్టి నోటితోనే విడిపించుకోవాలి.

శెట్టి విన్నాడు. కోప్పడలేదు. మంచి మనిషే, కాకపోతే అనుమానం పాలు ఎక్కువ. అంతకు ముందు మానేసిపోయినవాడు ఒకడు టైర్లు మార్చి అమ్ముకున్నాడని తర్వాత బయటపడింది, ఆ దెబ్బ ఆయన మరిచిపోలేదు.

"పొమ్మనే చెప్తా. నీ మంచికి నేనడ్డం రాను. కట్టినసోటే విప్పాల గదా, బేస్తవారం డ్రమ్ములు కడుగుతారు, బండ్లుండవు. కాణిపాకం పోదాం. 'నీ కాడ నేను దాసింది ఏదీ లేదు' అని కర్పూరం ఆర్పు. నేను విడిసినానని ఆడనే చెప్తా. అంతే."

అంతే అన్నాడాయన. దాచింది లేదా? రెండేళ్ళుగా మునిరామయ్య పొద్దున లేచింది మొదలు చేసే పనే దాచడం.

గురువారం వచ్చింది. జట్కాలో శెట్టి ఏవేవో కబుర్లు చెబుతూనే ఉన్నాడు, మునిరామయ్య చెవికి ఒక్కటీ ఎక్కలేదు. ఎలాగోలా గడుస్తుందిలే అనుకుంటూ వచ్చాడు. నేను దాచింది నాది కాదు, ఇంకొకరిది, దేవుడికి ఆ మాత్రం తెలియదా అని తనకు తానే సర్ది చెప్పుకున్నాడు. స్నానం చేసి తడిబట్టతో వినాయకుడి ముందు నిలబడ్డాడు. పూజారి పళ్ళెంలో కర్పూరం వెలిగించాడు. శెట్టి, "చెప్పప్పా" అన్నాడు.

మునిరామయ్య చెయ్యి ఎత్తాడు. నోరు తెరిచాడు. ఇటు అబద్ధం, అటు ఇచ్చిన మాట. కర్పూరం కరిగి కరిగి దానంతటదే ఆరిపోయింది. చుట్టూ దర్శనానికొచ్చినవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"ఇంకొకటి ఎలిగించు" అన్నాడు శెట్టి పూజారితో. రెండోది కూడా ఆరిపోయింది. మునిరామయ్య చెయ్యి దించి, "నా వల్ల కాదు సామీ" అన్నాడు.

శెట్టి మొహం నల్లబడింది. చిత్తూరులో జట్కా దిగాక అన్నాడు: "ఏం తిన్నావో నేనడగను. దేవుడి ముందర నిలబడలేనోడికి నా బండి ఇయ్యను. ప్రమాణం నుంచి నేను విడవనూ లేదు, అది నీకూ ఆ వినాయకుడికీ ఉండేది."

ఆ వార్త సాయంత్రానికల్లా తిరుపతి చేరింది. జయరామ్ నాయుడు, కాణిపాకంలో నోరు పెగలనివాడు నాకొద్దు అని కబురు పంపాడు. ఉన్నది పోయింది, వచ్చేదీ పోయింది. బస్టాండులో జనానికి కడుపు నిండింది. మేం ముందే చెప్పలేదా, బొగ్గు అమ్ముకున్నాడో టైర్లు అమ్ముకున్నాడో, అందుకే గురువుకన్నా ముందు ఉరికేవాడు అన్నారు.

శుక్రవారం పొద్దున అతనికి బస్టాండుకు పోవలసిన పని లేదు. అయినా కాళ్ళు అక్కడికే లాక్కుపోయాయి. మునిరామయ్య బండికి సత్యవేడు నుంచి వచ్చిన చిన్నబ్బ అనే కొత్త డ్రైవరును పెట్టారు. దారి సరిగా తెలియనివాడు, కాబట్టి వెనక రావాలి. ముందు సుబ్బన్న. ఇన్నాళ్ళకు మర్యాద నిలబడిందని ఎవరో సుబ్బన్న బండికి చామంతి దండ కూడా కట్టారు. చిన్నబ్బ బండి డ్రమ్ముకున్న పాత పంచెను మసిగుడ్డ అనుకుని విప్పి పారేశారు.

సుబ్బన్న సీటెక్కి కూర్చున్నాడు. బండి నిండా జనం. ఒక ఆమె చంటిబిడ్డను కిటికీకి ఆనించుకుని పాలిస్తోంది. తిరుచానూరు మొక్కు తీర్చుకోవడానికి పోయే కుటుంబం ఒకటి వెనక సీట్లలో సర్దుకుంటోంది. సూర్యుడు అప్పుడే పైకొచ్చి నేరుగా బండి అద్దంలోకి కొడుతున్నాడు. ముసలాయన ఆ వెలుగులోకి రెప్పలు ఆర్పుతూ చూస్తున్నాడు. ఇవాళ అతని ముందు తెల్లగుడ్డ లేదు, హారను లేదు. మునిరామయ్యకు ఏడుపు వచ్చింది. నాగులమ్మ మాట చెవిలో మోగింది. చెప్పనని మాట ఇచ్చాడు. సరే, చెప్పడు. గబగబా పోయి బండికి ఎదురుగా, పది బారల దూరంలో, దారి మధ్య నిలబడ్డాడు.

తగాదాకు వచ్చాడనుకున్నారు జనం. "వీనికి సిగ్గు లేదా" అని ఎవరో అన్నారు. సుబ్బన్న గేరు వేశాడు. బండి నడిచింది. మునిరామయ్య కదల్లేదు. ఎనిమిది బారలు, అయిదు బారలు. పక్కకు తిప్పడంగాని ఆపడంగాని లేదు, బండి తిన్నగా అతని మీదికే వస్తోంది. మొదట నవ్విన టీ కొట్టువాడు లేచి నిలబడ్డాడు. మెట్టు మీదున్న కండక్టరు ఒక్క కేక పెట్టాడు. సుబ్బన్న అదిరిపడి బ్రేకు తొక్కాడు. దండలోని చామంతులు మునిరామయ్య ఛాతీకి తగిలి ఆగాయి.

"ఏమయింది? ఏందడ్డం?" అన్నాడు సుబ్బన్న తల బయటికి పెట్టి.

"ఏందేంది? మునిరామన్న గదా, నీ ఎదురుగ్గానే నిలబడుకోని ఉండాడే" అన్నాడు కండక్టరు.

సుబ్బన్న మొహం కండక్టరు గొంతు వైపు తిరిగింది, తర్వాత ఎదురుగా తిరిగింది. చూపు ఎక్కడా ఆగలేదు. శెట్టి టిక్కెట్ల గదిలోంచి దిగి వచ్చి బండి ముందు నిలబడి, చేతిలోని గొడుగు పైకెత్తాడు.

"సుబ్బన్నా, నా చేతిలో ఏముండాది?"

సుబ్బన్న ఇంజను ఆపాడు. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకున్నాడు. "రెండేండ్లాయ సామీ" అన్నాడు. "వాడు ముందర పోయింది నాకు దావ సూపేదానికి. నేనే చెప్పొద్దన్నా."

శెట్టి గొడుగు దించాడు. మునిరామయ్య దగ్గరికి వచ్చి, "నిన్న నోటికి రానిది ఇదేనా?" అని అడిగాడు. మునిరామయ్య తలూపాడు. మంచిపని చేశావని శెట్టి అనలేదు. అనడానికి అది మంచిపని కాదు, రెండేళ్ళు ఎంతమంది ప్రాణాలతో ఆడుకున్నారో ఆయనకు ఆ క్షణానే లెక్క తెలిసింది. "నీకూ నాకూ మాటలు తర్వాత ఉండాయి. ముందు బండెక్కు. జనం కాసుకోని ఉండారు" అన్నాడు.

సుబ్బన్న తడుముకుంటూ దిగాడు. ఇంటికి పొమ్మంటే పోనన్నాడు, ఈ ఒక్కసారికి తిరుపతిదాకా వస్తానన్నాడు. మునిరామయ్య అతన్ని చెయ్యి పట్టి పక్క సీటులో కూర్చోబెట్టి, తను స్టీరింగు ముందు కూర్చున్నాడు. ముసలాయన తనను తిడతాడనుకున్నాడు. తిట్టినా బాగుండేది. చిన్నబ్బ బండిని శెట్టి ఆ రోజుకు నిలిపేశాడు, ఒక్క బండే బయల్దేరింది. తిరుపతి కంపెనీ మర్నాడే ఇంకొకణ్ణి పెట్టుకుంది. మునిరామయ్య ఆ పొగలోనే మిగిలిపోయాడు. కాణిపాకం ముడిని శెట్టి తర్వాత ఎప్పుడూ విప్పలేదు, అతనూ విప్పమని అడగలేదు.

ఆ రోజు బండి పూతలపట్టు దాటింది. పాకాల మిట్టలో జనం దిగి తోశారు. పనపాకం దగ్గర కుడి మలుపు రాగానే మునిరామయ్య చెయ్యి దానంతటదే హారను బుడ్డి మీదికి పోయింది. రెండుసార్లు పిసికాడు.

"ఎనకాల ఎవురూ లేరు గదరా" అన్నాడు సుబ్బన్న.

"లేరు మామా" అన్నాడు మునిరామయ్య.

కొంతదూరం పోయాక సుబ్బన్న కళ్ళు మూసుకునే, "ఇంగ వచ్చేది ఎడమకు. ఒగటే" అన్నాడు. మునిరామయ్య ఒకటే కొట్టాడు.